పాతదా, కొత్తదా

జూలై ఆఖరి వారం.
గ్రీమ్స్‌పేటలో ఆడిటరు ఆఫీసు మెట్ల మింద
చెప్పులు కుప్పబడి ఉండాయి, పెండ్లింటి ముందర మాదిరి.
చెంగల్రాయుడు రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినాడు.
గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలరు కాడ పదారేండ్ల పని.
సీజన్లో ఆయన చొక్కా ఎన్ని నీళ్ళల్లో జాడించినా
తోతాపురి వాసన పోదు.

గుమాస్తా పిల్లోడు
కంప్యూటర్లో నుంచి తలెత్తకుండా అడిగె:
"పాత పద్ధతా సార్, కొత్త పద్ధతా?"
"తేడా ఏంది నాయనా?"
"ఇంటి లోనుకీ, పీఎఫ్‌కీ, ఇన్సూరెన్సుకీ
తగ్గింపు కావాలంటే పాతదే సార్.
కొత్తదాంట్లో ఇవేమీ చూపించేకి లేదు."

నా సంచిలో రసీదు ఉండాది.
పద్నాలుగు వేల నూటా అరవై.
నాలుగు మడతలు పెట్టి, పసుపు ప్యాకెట్టు పక్కన.

పోయినేడు రాయవేలూరు ఆస్పత్రిలో
నాకు గర్భసంచి తీసే ముందు
నర్సమ్మ కాయితం చాపి, "ఈమె నీకేమవతాది?" అన్నింది.
పెన్ను పట్టుకోని చానాసేపు నిలబడినాడు.
ఆఖరికి రాసినాడు: తెలిసినామె.

పదకొండేండ్లు.
నాకు కుడిపక్క పన్ను నొప్పని, రాత్రిపూట
ఎడమపక్కకే నములుతానని తెలుసు.
ఇంగేం రాయాల? తెలిసినామె. అబద్ధం గాదు.

ఆస్పత్రి నుంచి వచ్చినాకనే నా పేర పాలసీ తీసినాడు.

"సంబంధం?" అన్నాడు పిల్లోడు.

మాకు సంబంధం ఎవురూ చూళ్ళేదు నాయనా.
ఫ్యాక్టరీ గేటు ముందర నాది బొరుగుల బండి.
ఒక వానరాత్రి చక్రం ఊడిపోతే
బండి వెనక నుంచి తోసినాడు, ఇంటిదాకా.
వాన నిలిచిపోయింది. ఆయన పోలేదు.
ఇది ఏ గడిలో పడతాదో నువ్వే చెప్పు.

ఇదంతా లోపలే అనుకుంటి. బయటికి,
"కలిసి ఉండాం," అంటిని. అంతే.

"అట్లయితే రాదక్కా.
తనకు, భార్యకు, పిల్లకాయలకు. అంతవరకే చట్టం."
పాపం, ఆ పిల్లోడికే సిగ్గైంది, మౌసుని అటూ ఇటూ జరిపినాడు.
జరిపి జరిపి, బ్యాంకు లెక్కల కాడ ఆగినాడు.

"ఇంకో పాలసీ ఉండాదే సార్?
ఏటా ఏప్రిల్లో కడతా ఉండారే.
వల్లెమ్మ, పలమనేరు. సంబంధం... భార్య.
దీనికొస్తాది!"

ఫ్యాను తిరగతా ఉండాది.
చెంగల్రాయుడు దాన్నే చూస్తా ఉండాడు,
రెక్కలు ఎన్నో ఇప్పుడే లెక్కబెట్టాలన్నట్టు.

పలమనేరు కోర్టులో వాయిదాల సంగతి నాకు తెలుసు.
ఆయమ్మ ఈయన్ని వొద్దని పోయిందీ తెలుసు.
ఇది తెలీదు.

కాగిన నూనెలో నీళ్ళబొట్టు పడితే ఎట్లుంటాదో
బజ్జీలు ఏసేదాన్ని, నాకు ఒకరు చెప్పబళ్ళేదు.
చిటపటలాడతాది. మొగం వెనక్కి తీసుకోవాల.
ఆ పొద్దు మొగం తీసుకునేకి చోటు లేదు,
వెనక ఇంకా ఏడుమంది లైన్లో ఉండారు.

"పెట్టు నాయనా," అంటిని. "పాతదే పెట్టు."

"మీ రసీదు?"

సంచిలోనే ఉండనిస్తిని.

స్కూటరు మింద కట్టమంచి దాటేదాకా
ఇద్దరమూ ఒక్క మాట అనలేదు.
మామిడికాయల లారీ ఒకటి
రసం కార్చుకుంటా మమ్మల్ని దాటి పోయింది.
దాని వెనక ఈగలు, ఈగల వెనక మేము.

"ఆమెకూ షుగరా?" అని అడిగితిని.

గాలికి వినబళ్ళేదేమో అనుకుంటి.
స్పీడుబ్రేకరు కాడ బండి నిదానించి,
తల తిప్పకుండానే అన్నాడు:

"తెలీదు ధనకోటీ.
రసీదు ఒకటే వస్తాది."